రోజుకు పది మంది, సగటున నాలుగు రోజులు: ఎన్ని పడకలు కావాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీ జనరల్ మెడిసిన్ విభాగంలో రోజుకు సగటున 10 మంది చేరుతున్నారు, ఒక్కొక్కరు సగటున 4 రోజులు ఉంటున్నారు. కనుక 40 పడకలు చాలునని ఒకరు అంటున్నారు. పడకల వినియోగం 85 శాతం దగ్గర ఉండాలన్న సూత్రం ప్రకారం 47 కావాలని మరొకరు అంటున్నారు. ఈ రెండింటిలో ఏది సరైనదో, సంభావ్యతా నమూనా ఇంతకంటే మెరుగైన జవాబు ఇవ్వగలదో లేదో తెలుసుకోవాలన్నది మీ ఉద్దేశం. రోజుకు ఇద్దరు చేరి సగటున 4 రోజులు ఉండే ఐసీయూకు కూడా ఇదే లెక్క వర్తిస్తుందా అని చివర అడిగారు. ఆసుపత్రుల పడకల లెక్కలు వేయడమే నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే 40 చాలవు. మీరిచ్చిన అంకెలు నిజమైతే, పడక దొరకక తిరిగిపోయేవారు నూటికి ఇద్దరికి మించకూడదనుకుంటే 50 పడకలు కావాలి. ఐదుగురి వరకు సర్దుకోగలమనుకుంటే 46 సరిపోతాయి. ఐసీయూకు మీరు 40కి 50 అన్న ఈ నిష్పత్తిని గానీ 85 శాతం సూత్రాన్ని గానీ వాడితే తీవ్రంగా దెబ్బతింటారు. అక్కడ నూటికి ఇద్దరన్న హద్దుకే 14 పడకలు కావాలి. అయితే ఈ హద్దు ఎంత ఉండాలో ఏ నమూనా చెప్పదు. అది వైద్యులు, పరిపాలన కలిసి ముందుగా తేల్చవలసిన విషయం. అది తేలకుండా లెక్క మొదలుపెట్టిన చోట, చివరికి ఎవరికి నచ్చిన అంకెను వారు సమర్థించుకోవడమే నేను చూశాను.

ఇప్పుడు కారణాలు. చేరేవారి రేటును ఉండే కాలంతో గుణిస్తే లోపల సగటున ఎందరు ఉంటారో వస్తుంది. దీన్ని లిటిల్ నియమం అంటారు. 1961లో జాన్ లిటిల్ దీనికి సాధారణ నిరూపణ ఇచ్చారు. మీ 40 అలా వచ్చిందే. దాన్ని సగటు భారం అందాం. సగటు భారానికి సరిపడా పడకలు పెట్టడమంటే, భారం సగటు కంటే పెరిగిన ప్రతిసారీ పడకలు చాలని స్థితిని ముందే ఒప్పుకోవడం.

భారం ఎంత తరచుగా పెరుగుతుంది? అత్యవసరంగా వచ్చే రోగులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వస్తారు. అటువంటి రాకలకు పాయిజాన్ విభాజనం, అంటే ఏ సంఖ్య ఎంత తరచుగా రావచ్చో చెప్పే ఒక గణిత పట్టిక, బాగా నప్పుతుంది. పడకలకు పరిమితి లేదని ఒక్కక్షణం ఊహిస్తే, ఏ సమయంలోనైనా లోపల ఉండవలసినవారి సంఖ్య కూడా పాయిజాన్ విభాజనాన్నే అనుసరిస్తుంది. దాని సగటు 40, ప్రామాణిక విచలనం (సగటు నుంచి అటూ ఇటూ ఎంత చెదురుతుందో చెప్పే కొలత) 40కి వర్గమూలం, అంటే 6.3. లెక్క కడితే 40కి మించి పడకలు కావలసిన సమయం నూటికి 46 వంతులు, 50కి మించి కావలసిన సమయం నూటికి 5 వంతులు అని తేలుతుంది. ఇందులో చాలామందికి నమ్మశక్యం కాని సంగతి ఒకటుంది: రోగి ఉండే కాలం ఏ విభాజనంలో ఉన్నా ఈ ఫలితం మారదు, సగటు ఒక్కటి తెలిస్తే చాలు. కొందరు రెండు రోజుల్లో వెళ్లిపోతారు, ఒకరిద్దరు నెలల తరబడి ఉంటారు; అయినా సరే. అందుచేత ఉండే కాలానికి లాగ్‌నార్మల్ విభాజనం నప్పుతుందా గామా విభాజనం నప్పుతుందా అని వారాల తరబడి తలపట్టుకునే ముందు, మీ ప్రశ్నకు అది అవసరమో కాదో చూసుకోండి. రాకల రేటు స్థిరంగా ఉన్నంతవరకు అవసరం లేదు.

నిజంలో పడకలకు పరిమితి ఉంటుంది. నిండిపోయినప్పుడు వచ్చినవారు వేరే ఆసుపత్రికి వెళ్లిపోతారని అనుకుంటే, కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఏ.కె. ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రం నేరుగా సరిపోతుంది. దీన్ని నష్టం సూత్రం అందాం. లైన్లన్నీ నిండితే కాల్ పోతుంది. ఇక్కడ పడకలన్నీ నిండితే రోగి వేరే చోటికి వెళ్లిపోతాడు. ఈ సూత్రానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కరలేదు, ఎక్సెల్‌లో ఒక నిలువు వరుస చాలు. సున్నా పడకలకు తిరస్కరణ భాగం, అంటే వచ్చినవారిలో పడక దొరకక తిరిగిపోయేవారి వంతు, 1 అని మొదలుపెట్టండి. ఒక్కో పడక కలిపినప్పుడల్లా, పై గడిలోని భాగాన్ని సగటు భారంతో గుణించి, వచ్చినదాన్ని పడకల సంఖ్యకు అదే గుణకారఫలాన్ని కలిపిన మొత్తంతో భాగించండి. మీ ఐసీయూ భారం 8 కాబట్టి మొదటి పడకకు 8ని 9తో భాగిస్తే 0.889. రెండో పడకకు 8ని 0.889తో గుణిస్తే 7.11, దాన్ని 9.11తో భాగిస్తే 0.78. ఇలా కిందికి లాగుతూ పోతే ఎనిమిదో గడిలో 0.236 వస్తుంది. అంటే 8 పడకల ఐసీయూలో దాదాపు నలుగురిలో ఒకరికి చోటు ఉండదు. 10 పడకలకు ఇది 12 శాతం, 12కు 5 శాతం, 14కు 1.7 శాతం.

అదే వరుసను 40 భారంతో లాగితే 40 పడకల దగ్గర 11.6 శాతం, 45 దగ్గర 5.4, 50 దగ్గర 1.9, 53 దగ్గర 0.8 శాతం వస్తాయి.

ఇప్పుడు 85 శాతం సూత్రం సంగతి. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో అనుకరించి చూసే) అధ్యయనం ఇంగ్లండ్‌లోని ఒక ఊహాత్మక ఆసుపత్రిని తీసుకుని, సగటు వినియోగం 85 శాతం దాటితే ముప్పు కనిపించడం మొదలవుతుందనీ, 90 శాతానికి చేరితే పడకల కొరత తరచుగా ఎదురవుతుందనీ చూపింది. ఆ పరిమాణపు ఆసుపత్రికి, ఆ ఊహలకు అది సమంజసమైన ఫలితమే. దాన్ని ప్రతి వార్డుకూ అంటించడంతోనే చిక్కు వచ్చింది. పైన లెక్కించిన 14 పడకల ఐసీయూలో సగటు వినియోగం 56 శాతమే ఉంటుంది. 50 పడకల వార్డులో 78 శాతం ఉంటుంది. సగటు భారం 200 ఉన్న చోట సుమారు 214 పడకలతో అదే 2 శాతం హద్దు సాధ్యమై, వినియోగం దాదాపు 92 శాతానికి చేరుతుంది. మూడు చోట్లా రోగికి అందే భరోసా ఒక్కటే, వినియోగం మాత్రం మూడు రకాలు. వినియోగ శాతాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. తిరస్కరణ సంభావ్యతను లక్ష్యంగా పెట్టుకుంటే, ఆ యూనిట్ పరిమాణాన్ని బట్టి వినియోగం ఎంత ఉండాలో అదే తేలుతుంది. ఐసీయూలో సగం పడకలు ఖాళీగా కనిపిస్తున్నాయని ఆర్థిక విభాగం అభ్యంతరం చెప్పినప్పుడు, ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూపించడం కంటే మంచి వాదన నాకింకా దొరకలేదు.

2 శాతం హద్దుకు చిన్న చిట్కా కూడా ఉంది. సగటు భారానికి దాని వర్గమూలాన్ని ఒకటిన్నర రెట్లు చేసి కలపండి. 40కి 49.5, 8కి 12.2 వస్తాయి. సమావేశంలో కూర్చుని అంచనాగా చెప్పడానికి ఇది చాలు. చిన్న యూనిట్లకు మాత్రం పూర్తి లెక్క వేసుకోవలసిందే.

మీ ఆసుపత్రిలో పడక లేకపోతే రోగిని తిప్పి పంపరు, క్యాజువాల్టీలో స్ట్రెచర్ మీదే ఉంచుతారని మీరు రాశారు. అప్పుడు నష్టం సూత్రానికి బదులు, వచ్చినవారు పడక కోసం వేచి ఉంటారని అనుకునే ఎర్లాంగ్ నిరీక్షణ సూత్రం వాడాలి. ఉండే కాలం ఘాతీయ విభాజనంలో (ఎక్కువమంది తక్కువ కాలం, కొద్దిమంది చాలా కాలం ఉండే తీరులో) ఉందనుకుంటే, 50 పడకలతో నూటికి 9 మంది వేచి ఉండాలి, వారు సగటున 9.6 గంటలు వేచి ఉంటారు. 45 పడకలతో నూటికి 34 మంది, ఒక్కొక్కరు సగటున 19 గంటలు. 42 పడకలతో నూటికి 67 మంది, సగటున 48 గంటలు. 40 పడకలతో వరుస ఎప్పటికీ తరగదు. చివరి అంకెలు నిజంలో ఇంత ఘోరంగా కనిపించవు, ఎందుకంటే ఒత్తిడి పెరిగినప్పుడు వైద్యులు రేపు పంపదలచినవారిని ఈరోజే పంపేస్తారు, డ్యూటీ డాక్టరు చేర్చుకునే విషయంలో గట్టిగా ఉంటారు. నమూనాకు తెలియని ఆ సర్దుబాటు వల్లే ఎన్నో ఆసుపత్రులు నడుస్తున్నాయి. కానీ ఆ సర్దుబాటుకు మూల్యం ఉంది: తొందరపడి పంపిన వారిలో కొందరు కొద్ది రోజుల్లోనే తిరిగి చేరతారు, వారు మళ్లీ కొత్త రాకలుగా లెక్కలోకి వస్తారు. నిరీక్షణ సూత్రానికి, నష్టం సూత్రానికి భిన్నంగా, ఉండే కాలపు విభాజనం ముఖ్యం. కనుక దీని అంకెలను స్థూలంగానే తీసుకోండి.

సూత్రం కంటే మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది దానికి అందించే అంకెల మీద. నేను చూసిన తేడాల్లో అధికభాగం ఇక్కడే పుడతాయి.

మొదటిది, ఉండే కాలాన్ని రోజుల్లో కాక గంటల్లో కొలవండి. రిజిస్టరులో నాలుగు రోజులు అని ఉన్నది నాలుగు తేదీల లెక్క కావచ్చు. సోమవారం రాత్రి చేరి గురువారం ఉదయం వెళ్లిన రోగి నిజంగా ఉన్నది రెండున్నర రోజులే. మరోవైపు, రోగి లేచి వెళ్లిన క్షణంలోనే పడక ఖాళీ అయినట్లు కాదు. డిశ్చార్జి సమ్మరీ, బిల్లు, మందులు, దుప్పట్ల మార్పిడి, శుభ్రపరచడం, కొత్త రోగిని తీసుకురావడం ఇవన్నీ కలిపి ఒక్కో రోగికి మూడు గంటలు పట్టిందనుకుంటే, రోజుకు 10 మందికి 30 గంటలు, అంటే ఒక పడకకు పైగా ఎవరూ పడుకోకుండానే ఖర్చవుతుంది. ఉండే కాలాన్ని పడక కేటాయించిన గంట నుంచి అది తర్వాతి రోగికి సిద్ధమైన గంట వరకు కొలవాలి.

రెండోది, లోపల ఉన్నవారిని లెక్కించి సగటు తీయకండి. ఒక ఉదయం వార్డులోకి వెళ్లి, ఉన్న రోగుల కేసు షీట్లు తీసుకుని, వారి మొత్తం బస ఎన్ని రోజులు అయిందో తర్వాత నమోదు చేసి సగటు తీసే పద్ధతి ఇంకా కనిపిస్తూ ఉంటుంది. ఎక్కువ కాలం ఉండేవారు అలా ఎంచిన రోగుల్లో ఎక్కువగా దొరుకుతారు. ఘాతీయ విభాజనమైతే ఆ సగటు అసలు సగటుకు సరిగ్గా రెట్టింపు వస్తుంది. ఒక నిర్ణీత కాలంలో చేరిన వారందరినీ తీసుకోవాలి, చివరి రోగి వెళ్లేదాకా ఆగాలి.

మూడోది తిరిగిపోయినవారు. అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నది చేరినవారి సంఖ్య మాత్రమే, రావలసినవారి సంఖ్య కాదు. 40 పడకలతో మీరు రోజుకు 10 మందిని చేర్చుకుంటున్నారంటే, వినియోగం వంద శాతానికి ఆనుకుని ఉందన్నమాట, అంటే చేరకుండా పోయినవారు కచ్చితంగా ఉన్నారు. ఎర్లాంగ్ లెక్కలో 40 పడకలు, 40 భారం ఉంటే లోపల సగటున ఉండేది 35 మందే. ఫోన్‌లోనే పడకలు లేవని చెప్పినవి, అంబులెన్సును దారిలోనే మళ్లించినవి, శస్త్రచికిత్సను వాయిదా వేసినవి, ఇవన్నీ ఒకచోట రాసే అలవాటు లేకపోతే ముందు అది మొదలుపెట్టండి. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో డ్యూటీ డెస్క్ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టించాం: సమయం, విభాగం, కారణం, అంతే మూడు గడులు. పడకల కోసం అంతకుముందు చెబుతూ వచ్చిన కారణాలన్నింటికంటే ఆ నోటుబుక్కే ఎక్కువ పనిచేసింది.

నాలుగోది, ఏ గంటకు లెక్కిస్తున్నారన్నది. అర్ధరాత్రి లెక్క చాలాచోట్ల వాడుకలో ఉంది, బిల్లింగుకు అది అనువు కాబట్టి. పడకలకు కటకట మాత్రం మధ్యాహ్నం వస్తుంది: కొత్తవారు వచ్చేసి ఉంటారు, వెళ్లవలసినవారి కాగితాలు ఇంకా పూర్తయి ఉండవు. అర్ధరాత్రి 80 శాతం చూపే వార్డు మధ్యాహ్నం ఒంటిగంటకు కిక్కిరిసి ఉండటం నాకు ఎన్నోసార్లు ఎదురైన దృశ్యం.

ఇక పాయిజాన్ ఊహ ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించుకోవాలి. రోజువారీ రాకల సగటును, విస్తృతిని (ప్రామాణిక విచలనపు వర్గాన్ని) లెక్కించండి. రెండూ దాదాపు సమానంగా ఉంటే ఊహ నిలుస్తుంది. విస్తృతి సగటుకు రెట్టింపు ఉంటే, వారంలోని రోజులవారీగా విడగొట్టి మళ్లీ చూడండి. చాలాసార్లు అక్కడే కారణం దొరుకుతుంది, అది ఎమర్జెన్సీలో ఉండదు. ముందుగా తేదీ ఇచ్చి చేర్చుకునే శస్త్రచికిత్సల జాబితాలో ఉంటుంది. వినడానికి వింతగానే ఉన్నా, తమ ఇష్టప్రకారం వచ్చిపడే ఎమర్జెన్సీ రోగుల కంటే, మనమే తేదీలు నిర్ణయించే రోగుల సంఖ్య ఎక్కువ ఒడుదొడుకులకు లోనవడం సాధారణం; సర్జన్లందరికీ సోమ, మంగళవారాలే కావాలి, వారాంతంలో డిశ్చార్జిలు తగ్గుతాయి, బుధవారానికి వార్డు నిండుతుంది. అటువంటి చోట పడకలు పెంచే ముందు థియేటర్ జాబితాను వారమంతటా పరచి చూడాలి. ఖర్చు లేని పని, అయితే నా అనుభవంలో అన్నింటికంటే ఎక్కువ వాదన జరిగేది దీనిమీదే.

అంటువ్యాధి కాలానికి పాయిజాన్ అసలు పనికిరాదు. ఒక రోగి రాక మరొకరి రాకతో ముడిపడి ఉన్నప్పుడు స్వతంత్రత అన్న ఊహే కూలిపోతుంది. దానికి వేరే ప్రణాళిక కావాలి: ఏ వార్డును ఎన్ని గంటల్లో మార్చగలం, ఎవరిని ఎక్కడికి పంపగలం అన్నది. రోజువారీ పడకల లెక్కలో దాన్ని కలిపితే రెండూ చెడతాయి.

సాధారణ రుతువుల తేడాను మాత్రం లెక్కలోకి తెచ్చుకోవాలి. ఏడాది సగటు 10 అయినా, రద్దీ నెలల్లో 12 ఉంటే ఆ నెలల భారం 48. మీరు నమ్ముకున్న 50 పడకల దగ్గర తిరస్కరణ 2 నుంచి 8 శాతానికి పెరుగుతుంది. అందుచేత నేను ఏడాది సగటుతో ఎన్నడూ నిర్ణయం చెప్పను. రద్దీ నెలల సగటుతో ఒకటి, మిగిలిన కాలానికి ఒకటి, రెండు అంకెలు ఇస్తాను. రెండింటి మధ్య ఉన్న పడకలను తెరిచి మూసే వీలున్నవిగా ఉంచితే సరి. రాబోయే ఏళ్ల భారం 40 అని మీకు కచ్చితంగా తెలియనప్పుడు కూడా ఇటువంటిదే. అంచనాలో అటూ ఇటూ 4 తేడా ఉండవచ్చనుకుంటే మొత్తం విస్తృతి 40 కాదు, 40కి 16 కలిపి 56 అవుతుంది. ప్రామాణిక విచలనం 6.3 నుంచి 7.5కు పెరుగుతుంది. భవనం కట్టేవారు ఈ రెండో అంకెనే చూడాలి.

పడకలను కలిపి ఉంచడం గురించి ఒక మాట. మీ 50 పడకలను ఆడ, మగ వార్డులుగా 25 చొప్పున విడదీసి, ఒకదాని పడకలు మరొకదానికి ఇవ్వకపోతే, ఒక్కో వార్డు భారం 20 అయి, తిరస్కరణ 1.9 నుంచి 5 శాతానికి చేరుతుంది. ఒక్క పడక తగ్గకుండానే ఈ నష్టం. విడదీయడానికి సరైన కారణాలు ఉండవచ్చు, ఉంటాయి కూడా. అయినా రెండు వైపులా 21 చొప్పున ఉంచి, మధ్యలోని 8 పడకల గదులను అవసరాన్ని బట్టి ఎటైనా వాడేలా ఏర్పాటు చేస్తే నష్టంలో చాలాభాగం తప్పుతుంది. విభాగాధిపతులు తమ పడకలను తమవిగానే ఉంచుకోవాలనుకోవడం సహజం. తమ వార్డులో చోటు లేనప్పుడు పక్క వార్డులో తమ రోగికి ఎన్నిసార్లు చోటు దొరుకుతుందో లెక్క చూపితే కొందరైనా మెత్తబడతారు.

అదే విధంగా, పడకలు పెంచడమొక్కటే మార్గమనుకోకండి. 45 పడకలే ఉన్నాయనుకోండి. సగటు బస 4 రోజుల నుంచి 3.6 రోజులకు తగ్గితే భారం 36 అవుతుంది, తిరస్కరణ 5.4 నుంచి 2.2 శాతానికి దిగుతుంది. అంటే ఒక్కో రోగికి పది గంటలు కలిసివస్తే నాలుగు పడకలు కొత్తగా వేసినంత ఫలితం. స్కాన్ రిపోర్టు కోసం ఒక రాత్రి, ఇంకో విభాగం డాక్టరు వచ్చి చూడటం కోసం ఒక పూట, బిల్లు తేలడానికి ఒక మధ్యాహ్నం, ఆ పది గంటలు సాధారణంగా వీటిలోనే ఉంటాయి. అలాగని రోగిని కోలుకోకముందే పంపి ఆ పది గంటలు సంపాదించాలని చూస్తే, పైన చెప్పిన తిరిగి చేరికలు దాన్ని మింగేస్తాయి. మరొకటి: నర్సు లేని పడకను పడకగా లెక్కించకండి. సెలవుల వల్ల 50లో 46 పడకలకే సిబ్బంది ఉన్న రోజున మీది 46 పడకల వార్డే.

ఏది వాడినా, పరీక్షించకుండా సమావేశానికి తీసుకువెళ్లకండి. నేను చేసే పరీక్ష సులభమైనదే: గత ఏడాది మొదటి సగంలోని రాకలు, బస కాలంతో నమూనా తయారుచేసి, రెండో సగంలో వార్డు పూర్తిగా నిండిన గంటలు ఎన్ని ఉండాలో అది చెప్పినదాన్ని నిజంగా నమోదైన గంటలతో పోలుస్తాను. రెండూ దగ్గరగా ఉంటే ఎర్లాంగ్ సూత్రమే చాలు, ముందుకు వెళ్లవచ్చు. నిజంలో మరీ ఎక్కువ గంటలు నిండి ఉంటే, రోజులవారీ, గంటలవారీ రాకలతో సిమ్యులేషన్ చేయాలి. ఉండే కాలపు అసలు విభాజనం అప్పుడు అవసరమవుతుంది, దాన్ని ఊహించకుండా మీ రికార్డుల్లోని బస కాలాలనే యాదృచ్ఛికంగా తీసి వాడండి. ఐసీయూ విషయంలో ఇంకో జాగ్రత్త: అక్కడి నుంచి వార్డుకు మార్చవలసిన రోగి, వార్డులో పడక లేక ఐసీయూలోనే ఉండిపోయిన గంటలను విడిగా రాసుకోండి. ఆ గంటలు తీసేస్తే మీ ఐసీయూ సగటు బస 4 రోజులు కాక మూడున్నరే కావచ్చు, అప్పుడు భారం 7 అవుతుంది, డబ్బు పెట్టవలసిన చోటు ఐసీయూ కాదు, వార్డు అవుతుంది. రెండు యూనిట్లనూ విడివిడిగా లెక్కించినప్పుడు ఇది బయటపడదు కాబట్టి, పడక కేటాయించిన గంట, వైద్యపరంగా సిద్ధమైన గంట, నిజంగా ఖాళీ అయిన గంట అనే మూడు సమయాలను ఇప్పటినుంచే నమోదు చేయించి, రెండు మూడు నెలల వివరాలు చేతికి వచ్చాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.